అందగాడు కాదు, ఫైట్లు లేవు, మరి అంత పెద్ద హీరో ఎలా అయ్యాడండీ?

ప్రశ్న: మా అబ్బాయి పట్టుబట్టి పారసైట్ చూపించాడండీ, మొన్న ఎ టాక్సీ డ్రైవర్ అనే ఇంకో కొరియా సినిమా పెట్టాడు. రెండిట్లోనూ ఉన్నాయన ఒకడే అంటే నమ్మలేకపోయాను. చూస్తే మన పక్కింటాయన లాగే ఉన్నాడు, అంత పేరు ఎలా వచ్చింది? తర్వాత ఏది చూడమంటారు?
- ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: ఆయన పేరు సాంగ్ కాంగ్ హో అండీ. 1967లో గిమ్హే అనే ఊళ్ళో పుట్టాడు, సినిమాలకి ముందు నాటకాలే. స్టేజీ మీంచి వచ్చినోళ్ళ సత్తా ఏంటో పాలకొల్లు వాళ్ళకి నేను చెప్పాలా, అల్లు రామలింగయ్య గారిది మీ ఊరే కదా. 1996లో చిన్న వేషంతో మొదలెట్టాడు, మరుసటి ఏడాది నంబర్ త్రీ సినిమాలో నత్తి రౌడీగా తెగ నవ్వించాడు, 2000లో జాయింట్ సెక్యూరిటీ ఏరియాలో ఉత్తర కొరియా సార్జెంట్ వేషం కట్టాక ఇంక వెనక్కి చూసుకోలేదు.

పక్కింటాయన లాగే ఉన్నాడన్నారు చూడండి, ఆయన బలం అదేనండీ. అలాంటి మామూలు మనిషి మన కళ్ళముందే మారిపోతుంటే నమ్మేస్తాం. టాక్సీ డ్రైవర్‌లో ఆ హోటల్ సీన్ గుర్తు తెచ్చుకోండి. 1980 మే నెల, దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూ ఊళ్ళో సైన్యం జనాన్ని కాల్చేస్తోంది, ఈయన జర్మన్ విలేకరిని అక్కడే వదిలేసి కూతురి కోసం బయటపడ్డాడు, దార్లో వేరే ఊళ్ళో నూడుల్స్ తింటుంటే హోటలావిడ ఒక అన్నం ముద్ద ఇస్తుంది, పక్కనోళ్ళేమో గ్వాంగ్జూ గురించి పేపర్లో వచ్చిన అబద్ధాలే చెప్పుకుంటున్నారు. ఆ ముద్ద నోట్లో కుక్కుకుంటాడు గానీ మింగుడు పడదు. తర్వాత కార్లో పాట పాడుతూ పాడుతూనే గొంతు పూడుకుపోయి బండి వెనక్కి తిప్పేస్తాడు. పెద్ద డైలాగ్ ఒక్కటీ లేదు! ఆ విలేకరి నిజం మనిషే, పేరు యుర్గెన్ హింట్స్‌పీటర్.

పారసైట్‌కి 2020లో నాలుగు ఆస్కార్లు వచ్చాయి కానీ నటనకి ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. 2022లో బ్రోకర్ సినిమాకి ఫ్రాన్స్‌లో జరిగే కాన్స్ సినిమా పండగలో ఉత్తమ నటుడు అవార్డు ఇచ్చారు, కొరియా మగ నటుల్లో ఆ అవార్డు మొదట అందుకుంది ఈయనే.

తర్వాత చూడాల్సింది మెమొరీస్ ఆఫ్ మర్డర్, 2003లో వచ్చింది, పారసైట్ తీసిన బాంగ్ జూన్ హోదే. మొదలవ్వడమే మన కోతకొచ్చిన సార్వా చేలలాంటి బంగారు రంగు వరి, గట్టు పక్కన కాలవ తూములో శవం, ఈయన పల్లెటూరి డిటెక్టివ్. నిజం కేసే అది, హంతకుడెవరో 2019లో గానీ తేలలేదు. చివరి షాట్‌లో నేరుగా మన కళ్ళలోకి చూస్తాడు, అప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి.

ఆ తర్వాత ద థ్రోన్. కన్నకొడుకుని బియ్యప్పెట్టెలో వేసి మూయించిన కొరియా రాజు యోంగ్జో వేషం, 1762లో నిజంగా జరిగిన ఘోరమే. డబ్బింగ్ దొరికినా వద్దండీ, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి, ముసలి రాజుకి ఆయన పెట్టిన ఆ బొంగురు గొంతు వినకపోతే సగం సినిమా పోయినట్టే.