ఘాట్‌లో బండి చచ్చుబడతా ఉంటే ముందు పొగ చూడు

అల్లుడూ,

నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నా. తిరుపతి నుంచి సిమెంటు లోడుతో వస్తా ఉంటే భాకరాపేట ఘాట్‌లో పికప్పు ఉన్నట్టుండి లాగడం మానేస్తాది, పక్కన ఆపి టీ తాగొచ్చి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు మళ్ళీ లాగతాది అంటివి. మెకానిక్కేమో ఇంజన్‌కి డీజిల్ కొట్టే పంపు ఇప్పి కాలిబ్రేషన్‌కి, అంటే డీజిల్ కొలత సరిచేసేదానికి, పంపాల అంటా ఉండాడంట. ఇప్పుడే ఇప్పించొద్దు నాయనా, అది పెద్ద ఖర్చు. పంపు అరిగిపోయుంటే చాలాసార్లు ఇంజన్ వేడి మీద స్టార్టింగ్ కూడా కష్టంగా ఉంటాది, నీ బండి అట్ల మొండికేయట్లేదు కదా.

నీది పాత డీఐ ఇంజన్, అంటే డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి కొట్టే రకం, కంప్యూటర్ లేదు, స్కానర్ పెట్టి చూసేది ఏం లేదు, కాబట్టి మనమే కనిపెట్టాల. పుల్లింగ్ పోయిన ఆ నిమిషంలోనే అద్దంలో పొగ చూడు. నల్లగా కక్కతా ఉంటే డీజిల్ వస్తా ఉండాది, గాలి చాలట్లేదని అర్థం, అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఇంజన్‌లోకి గాలి గట్టిగా తోసే టర్బో ఉంటే దాని పైపులు, క్లిప్పులు చూసుకో. అసలు పొగే లేకుండా నీరసంగా పోతా ఉంటే డీజిల్ అందట్లేదు. ఆపితే బాగయిపోతాది అంటున్నావు కాబట్టి నాకు ఇదే అనుమానం.

ఈసారి అట్ల అయినప్పుడు బండి ఆపిన వెంటనే ట్యాంకు మూత తియ్యి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుని, తర్వాత బండి బాగా లాగితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందని, కొత్త మూత వేస్తే చాలు. సౌండ్ రాకపోతే ట్యాంకు లోపల జాలీ మీద పెట్టాల చూపు. పాత ఇనప ట్యాంకుల్లో తుప్పు, మట్టి అడుగున పేరుకుంటాది, లోడు మీద డీజిల్ ఎక్కువ లాగేటప్పుడు అదంతా పోయి జాలీకి అంటుకుంటాది, ఇంజన్ ఆపితే పీల్పు ఆగి కిందికి జారిపోతాది, అందుకే నువ్వు టీ తాగొచ్చేలోగా బాగయిపోతా ఉండాది. ఫిల్టర్లు ఎన్ని మార్చినా ఇది పోదు, ట్యాంకు దించి కడిగించాల్సిందే. పైపులోంచి గాలి కొట్టిస్తే కొన్నాళ్ళు బాగుంటాది గానీ చెత్త లోపలే ఉంటాది కదా.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే రబ్బరు పైపు సన్నగా చీలితే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతాది, ఎందుకంటే అక్కడ పీల్పు ఉంటాది. తడి లేదు కాబట్టి పైపు బాగుందనుకుంటారు. ఫిల్టరుకీ పంపుకీ మధ్య కొంచేపు లోపల డీజిల్ కనపడే ప్లాస్టిక్ పైపు తగిలించి ఇంజన్ రేజ్ చేసి చూడు, బుడగలు వరసగా పోతా ఉంటే క్లిప్పులు, రాగి వాచర్లు, పైపు అన్నీ మార్చెయ్. చవకైన సామాను, బేరాలు ఆడొద్దు.

వీటిలో దేనికీ దొరక్కపోతే అసలు పరీక్ష ఉండాది. శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, సైలెన్సర్ వేడికి దూరంగా గట్టిగా కట్టి, పీల్చే పైపు, రిటర్న్ పైపు రెండూ దాంట్లోకే పెట్టి, ఫుల్ కాకుండా కొంత లోడుతో అదే ఎత్తు ఎక్కించు. బాగా లాగితే తప్పు ట్యాంకు, పైపుల వైపు. అప్పుడు కూడా చచ్చుబడితేనే పంపు మాట వినాల, అది కూడా ఎక్సలేటర్ తొక్కినప్పుడు పంపు లివర్ చివరి దాకా పోతా ఉందో లేదో, ఇంజన్ ఆపేదానికి డీజిల్ మూసే స్టాప్ సోలినాయిడ్ వైరు ఊగతా ఉందేమో చూసినాక. బ్రేకులు పట్టేస్తున్నాయేమో కూడా చూడు, ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుంటే అదే.

ఒక్క మాట గట్టిగా చెప్తా ఉండా. ఇది తేలేదాకా ఘాట్‌కి ఫుల్ లోడు వేసుకోవద్దు. ఈ బండ్లల్లో బ్రేకు పెడల్‌ని తేలిక చేసే వ్యాక్యూమ్ (పీల్పు) కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనక ఉండే వేరే పంపు నుంచి వస్తాది, ఇంజన్ ఆగిపోతే రెండు మూడు సార్లు తొక్కినాక పెడల్ రాయిలాగా అయిపోతాది. క్లీనర్‌ని తోడు తీసుకో, చక్రం వెనక పెట్టేదానికి చెక్క ముక్క క్యాబిన్‌లోనే పెట్టుకో. పొగ సంగతి చూసినాక ఎంత రాత్రి అయినా ఫోన్ చెయ్యి.

మీ మామ