పేజీలు మాత్రం చింపించకు

అమ్మలూ,

నీ ఆరో తరగతి పిల్లలతో ఈ ఏడాది సైన్స్‌కి స్క్రాప్‌బుక్ చేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

కత్తెర, జిగురు సంగతి నీకు తెలిసిందే. ఆకులూ పూలూ పాత పేపర్ల మధ్య బరువు కింద పెట్టి, రోజూ పేపరు మార్చి, బాగా ఆరాకే అంటించమను. తడి ఉంటే బూజు పడుతుంది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు ఊరంతా దొరుకుతాయి, అప్పుడే తెప్పించు. షాపులో అమ్మే బొమ్మల చార్టులు మాత్రం కొనిపించకు. కూలికి వెళ్ళే తల్లి ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కుంటుంది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మా స్కూల్లో ఒక మాస్టారు పెసల మొలకల మీద ఇలాగే పుస్తకాలు చేయించారు. ఒక గ్లాసులో పొడి దూది, ఒకదాంట్లో తడి దూది, మూడోదాంట్లో నిండా నీళ్ళు. ‘నీళ్ళు ఎక్కువుంటే మొక్క ఎక్కువ పెరుగుతుంది’ అని ఒక పిల్ల ముందే రాసిపెట్టింది. కొన్నాళ్ళకి ఆ నీళ్ళ గ్లాసులో గింజలు కుళ్ళి కంపు కొట్టాయి. ఆ పిల్ల రెండు రోజులు దాని చుట్టూనే తిరిగి, కింద వంకర అక్షరాలతో ‘గింజకి గాలి కూడా కావాలేమో’ అని రాసింది. ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది! ఇంతలో ఆఫీసరు వస్తున్నారని మాస్టారు ఆ పేజీ చింపించి, పాఠంలో ఉన్నది నీటుగా ఎక్కించారు. ఆఫీసరు మెచ్చుకున్నారు. ఆ పుస్తకంలో ఆ పిల్ల నేర్చుకున్నదంతా ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. ఆ తర్వాత ఏ ప్రయోగం పెట్టినా ‘ఏం రావాలి సార్?’ అని ముందే అడిగేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

నీ గురించే నా భయం. చిన్నప్పుడు ఒక్క అక్షరం తప్పినా పేజీ చింపేదానివి, ఏడాది చివరికి నీ నోటుబుక్కుల్లో అట్టలే మిగిలేవి. ఎంత తిట్టేదాన్నో! రాత్రి పడుకున్నాక ఆ చింపిన కాగితాలు ఏరి దాచేదాన్ని కూడా. కొన్ని నా పెట్టెలో ఉన్నాయి.

అందుకని మొదటిరోజే పేజీలకి నంబర్లు వేయించు, ప్రతిదానికీ తేదీ ఉండాలి. ముందు ఏమనుకున్నారో, తర్వాత ఏం చూశారో పక్కపక్కనే రాయించు. రాయలేని పిల్లలు చెబితే నువ్వు రాయి, వాళ్ళ మాటల్లోనే. జాతీయ విద్యా విధానం 2020 కూడా ప్రోగ్రెస్ కార్డులో పిల్లలు తమను తాము అంచనా వేసుకోవాలనే అంది. మార్కులు మెరుపు కాగితాలకి వెయ్యకు.

సంక్రాంతి సెలవులకి వచ్చేటప్పుడు రెండు మూడు పుస్తకాలు పట్టుకురా. బాగా కొట్టివేతలున్నవే తీసుకురా, కూర్చుని చదువుకుందాం. వేళకి తిను.

మీ పెద్దమ్మ