మోకాళ్ల నొప్పి, ఎదురుగా 999 మెట్లు

ప్రశ్న: సెప్టెంబరులో ఏథెన్సులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్ణించి నాఫ్ప్లియో అనే పాత రేవు ఊరు ఒక్క రోజులో చూసి రావాలని ఉంది. మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. కోటకి 999 మెట్లట. నడిచి తిరగ్గలమా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: తిరగొచ్చు, మెట్లు మాత్రం ఆయనకి వద్దు. 999 అనగానే మీకు మీ దగ్గరి తారాతారిణి కొండగుడి మెట్లు గుర్తొస్తాయి. కాకపోతే అక్కడిలా రోప్‌వే ఇక్కడ లేదు. లెక్కపెట్టినవాళ్లలో చాలామందికి 900 లోపే తేలతాయి, అయినా పేరు 999కే స్థిరపడింది.

'పాలమీది' అనే ఈ కోటని 216 మీటర్ల కొండ మీద వెనిస్‌వాళ్లు 1711–14లో కట్టారు. మరుసటి ఏడాదే తుర్కులు పట్టుకున్నారు. టాక్సీలో ఎక్కి మెట్ల మీదుగా దిగమని చాలామంది చెబుతారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అది తప్పుడు సలహా. మోకాలి చిప్ప మీద ఒత్తిడి దిగేటప్పుడే ఎక్కువ. పైగా రాళ్లు అరిగి నున్నబడ్డాయి, మెట్టు మెట్టుకీ ఎత్తు మారుతుంది. వెనకవైపు రోడ్డు కోట గుమ్మం దాకా వెళ్తుంది. రానూ పోనూ టాక్సీ మాట్లాడుకోండి, మీకు ఓపికుంటే మీరొక్కరే మెట్లు దిగండి. నీడ తక్కువ, మనిషికో లీటరు నీళ్లు ఉండాలి. లోపల కూడా ఎగుడుదిగుడే కాబట్టి ఎనిమిది బురుజులూ తిరగక్కర్లేదు. సెయింట్ ఆండ్రూ బురుజు చేరితే చాలు, ఊరూ రేవూ నీళ్ల మధ్యలో బూర్జీ కోటా కనిపిస్తాయి.

ఏథెన్సు కిఫిసోస్ స్టాండు నించి బస్సు రెండున్నర గంటలు. పొద్దున్నే ఎక్కండి, దిగగానే చివరి బస్సు ఎప్పుడో అడగండి, ఆదివారం వేళలు వేరు. ఎండ ముదరకముందే కొండ ముగించి, ఆ తర్వాతే ఊళ్లోకి రండి.

పాత ఊళ్లో రేవుకి సమాంతరంగా పోయే వీధులు చదునుగా ఉంటాయి. అడ్డసందులు దక్షిణానికి తిరిగాయంటే మళ్లీ మెట్లే. సింటాగ్మా చౌకు పాలరాయి తడిస్తే జారుతుంది, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. చౌకులోని మ్యూజియంలో దెంద్రా కవచం తప్పక చూడండి: సుమారు 3,400 ఏళ్ల నాటి కంచు రేకులు, మెడ నించి తొడల దాకా. దగ్గర్లోనే సెయింట్ స్పిరిడాన్ గుడి. ఆధునిక గ్రీసు తొలి పాలకుడు కపోదిస్త్రియాస్‌ని 1831లో ఆ గుమ్మం దగ్గరే చంపారు. గోడలో తూటా గుర్తుని అద్దం వెనక ఉంచారు.

రెండున్నర నించి అయిదున్నర దాకా చాలా దుకాణాలు మూసేస్తారు. భోజనం ఆ వేళకి పెట్టుకోండి. సాయంత్రం ఆర్వనీతియా బీచి నించి పాత ఊరి వెనకున్న మరో చిన్న కొండ చుట్టూ రేవు దాకా సుమారు కిలోమీటరు కాలిబాట, దాదాపు చదును. ఆయనకి ఊళ్లో ఇంతకన్నా మంచి నడక లేదు. రాళ్లు జారినప్పుడు దాన్ని మూసేస్తారు, గేటు దగ్గర చూసుకోండి. బూర్జీకి పడవ ఉంటుంది గానీ ఒక్క రోజులో దాన్ని వదిలేసినా నష్టం లేదు.

ప్రశ్న: శాకాహారులం, గ్రీసులో తినడానికి ఏం దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మెనూలో 'లాదెరా' శీర్షిక వెతకండి, నూనెలో వండిన కూరలు అవి. యీగాంతెస్ అంటే టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు. ఫావా అంటే పసుపురంగు పప్పు ముద్ద. యెమిస్తాలో టమాటా, క్యాప్సికంలో అన్నం కూరతారు, కొన్నిచోట్ల కైమా కలుపుతారు. 'హోరిస్ క్రేయాస్' అంటే మాంసం లేకుండా అని. ఆర్డరు ఇవ్వకముందే అడగండి.