ఏప్రిల్ 23 సంగతి

తమ్ముడూ,

నువ్వు పంపిన సాహిత్య క్విజ్ ప్రశ్నలు రాత్రే చదివాను. బాగానే కష్టపడ్డావు. కానీ 11వ ప్రశ్న దగ్గర నా పాత పుండు ఒకటి కెలికావు. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న, ఒకే రోజు చనిపోయారని రాశావు కదా, నీ వయసులో నేనూ అచ్చం అదే రాసి అచ్చు వేయించాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడు కార్డు ముక్క మీద నాలుగు లైన్లలో నా పరువు తీశాడు. అప్పటికి స్పెయిన్‌లో కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్ నడుస్తోంది, ఇంగ్లండ్‌లో ఇంకా పాత జూలియన్ క్యాలెండరే. రెంటికీ పది రోజుల తేడా. అంటే తేదీ ఒకటే అయినా రోజు ఒకటి కాదు. పైగా సెర్వాంటెస్ పోయింది 22న అనీ, 23 ఖననం జరిగిన తేదీ అనీ పండితులు అంటారు. యునెస్కో కూడా పుస్తక దినోత్సవానికి ఆ తేదీనే ఎంచుకోవడంతో ఈ పొరపాటుకు ఆయుష్షు పెరిగిందనుకుంటాను.

ఆ కార్డు చదివి సిగ్గుపడ్డాను గానీ, నిజం చెప్పనా, నేను రాసిన దానికన్నా అదే రుచిగా ఉంది. నీ ప్రశ్నల్లో లోపం కూడా అక్కడే. ఎవరు, ఎప్పుడు అని అడిగి, జవాబు రాగానే వదిలేస్తున్నావు.

సెర్వాంటెస్ నవల ‘డాన్ క్విక్సోట్’ రెండో భాగం ఏ సంవత్సరం వచ్చిందని అడిగావు. 1615, సరే. 1605లో వచ్చిన మొదటి భాగం జనానికి తెగ నచ్చింది. రెండోది ఆయన తాపీగా రాసుకుంటుంటే, 1614లో అవెల్లనేదా అనే మారుపేరుతో ఎవరో దొంగ రెండో భాగం తెచ్చేశారు. అది చాలక, ముందుమాటలో ఆయన ముసలితనాన్నీ, లెపాంటో యుద్ధంలో పనికిరాకుండా పోయిన చేతినీ ఎత్తిపొడిచారు. సెర్వాంటెస్ దానికి జవాబు నవల్లోనే ఇచ్చాడు. తన పాత్రల చేతే ఆ దొంగ పుస్తకాన్ని వెక్కిరించాడు. అందులోని క్విక్సోట్ సారగోసా వెళ్లాడు కాబట్టి, తన క్విక్సోట్‌ని ఆ ఊరి పొలిమేర కూడా తొక్కనివ్వకుండా బార్సిలోనాకు మళ్లించాడు. చివరికి ఇంకెవడూ ముట్టుకోకుండా అతన్ని చంపేశాడు. కోపాన్ని కథగా మార్చడం చూశావా? ఇంత సంగతి పెట్టుకుని నువ్వు ఏడాది మాత్రం అడిగి ఊరుకున్నావు!

‘జూదరి’ ఎవరు రాశారన్న ప్రశ్న కూడా అంతే. దోస్తోయెవ్‌స్కీ అని ఎవరైనా చెబుతారు. 1866 నవంబర్ 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు ఆయన రచనలను ఉచితంగా అచ్చేసుకునే హక్కు ప్రచురణకర్తకు పోయేలా ఒప్పందం. ఆ టెన్షన్‌లో అన్నా అనే ఇరవై ఏళ్ల స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకుని, 26 రోజుల్లో నవల చెప్పి రాయించాడు. మరుసటి ఏడాది ఆమెనే పెళ్లాడాడు. అప్పులూ, జూదం పిచ్చీ రెండూ ఆయనవే, కథ కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది.

చిన్న తప్పులు రెండున్నాయి. మేరీ షెల్లీ నవల్లో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడి పేరు కాదు, వాణ్ణి తయారుచేసినవాడి పేరు. ఆమె ఆ ప్రాణికి అసలు పేరే పెట్టలేదు. ఇక డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ నోట నువ్వు పలికించిన ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’ అనే మాట కానన్ డాయిల్ రాసిన 4 నవలల్లో, 56 కథల్లో ఎక్కడా లేదు. అందరూ అంటున్నారు కదా అని రాసేయకు, మూలం తెరిచి చూడు. విసుగు పుడుతుంది, నాకూ పుట్టేది.

ముందు ఆ 11వది తిరగరాసి పంపు. క్యాలెండర్ గొడవ మొత్తం ప్రశ్నలోకే రావాలి. మిగతావి తర్వాత చూద్దాం.

నీ అన్న