ర్యాకులు కొనేముందు

అమ్మాయీ, ఆశీస్సులు.

మీ బడి లైబ్రరీకి ర్యాకులు కొనే పని నీ మీద పడిందనీ, కొటేషన్లు కూడా వచ్చేశాయనీ రాశావు. వాటిని కాసేపు పక్కన పెట్టు. బల్ల మీద ఒక అర వెడల్పంత, అంటే 90 సెంటీమీటర్లు కొలిచి గీత గీసి, ఆ మేర మీ పుస్తకాలు నిలబెట్టి లెక్కపెట్టు. మామూలు మందం ఉన్నవైతే ముప్పై దాకా పడతాయి, పల్చటి బొమ్మల పుస్తకాలైతే అంతకు రెట్టింపు. ఈ లెక్క తేలకుండా ఎన్ని ర్యాకులు కావాలో ఎవరూ చెప్పలేరు, అమ్మేవాడు తప్ప.

ముప్పై పట్టే అరకి ఇరవై చొప్పునే వేసుకో. 3000 పుస్తకాలకు 150 అరలు, అయిదేసి అరలవైతే 30 ర్యాకులు. అంత ఖాళీ దేనికని తప్పకుండా అడుగుతారు. నువ్వు మాత్రం తగ్గకు. కిక్కిరిసిన అరలోంచి పిల్లలు పుస్తకాన్ని పై అంచు పట్టుకుని లాగుతారు, బైండింగ్ ఊడేది అక్కడే. పైగా ఏటా కొత్తవి వస్తూనే ఉంటాయి. కథల వరసలో పది పుస్తకాలు చేరాయంటే, చోటు లేనప్పుడు ఆ తర్వాతి అరలన్నీ జరుపుకుంటూ పోవాలి. ఆ చాకిరీ నీదే, అడిగినవాళ్లది కాదు.

అర వెడల్పు 90 దాటనివ్వకు. 120 అయితే చవక అంటారు. మీటరు పొడవున పుస్తకాలు నిండితే ముప్పై కిలోలకు తక్కువ ఉండదు, పలక నడుమ వంగిపోతుంది. అందులోనూ పార్టికల్ బోర్డ్, అంటే చెక్కపొట్టు అతికించి చేసిన పలక అయితే మరీ త్వరగా. స్టీలుగానీ, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌గానీ తీసుకో. లోతు 25 సెంటీమీటర్లు చాలు, అట్లాసులకీ బొమ్మల పుస్తకాలకీ 30. అంతకన్నా లోతుంటే ఎవరో ఒకరు రెండు వరసలు పేరుస్తారు, ఇక వెనక వరస ఎవరికీ కనబడదు. అరల్ని పైకీ కిందకీ మార్చుకునే వీలుండాలి.

ఎత్తు సంగతి కేటలాగు చూసి తేల్చకు. మీ బడిలో అందరికన్నా పొట్టి పిల్లని నిలబెట్టి చెయ్యి చాపమను. చిన్న తరగతులకు 120 సెంటీమీటర్లు దాటక్కర్లేదు. గది మధ్యలో పెట్టేవి కూడా పొట్టివే ఉండనీ, నీ కుర్చీలోంచి అందరూ కనబడాలి కదా. అడుగు అర నేలకి 10 సెంటీమీటర్లైనా పైన ఉంటే తడిగుడ్డ పెట్టినప్పుడు టెన్షన్ ఉండదు. పిల్లలు ర్యాకులెక్కకుండా మానరు, కాబట్టి ఎత్తైనవాటిని గోడకి స్క్రూలతో బిగించి తీరాలి. చెమ్మ గోడ మాత్రం వద్దు. ఎండ తిన్నగా పడేచోట కూడా వద్దు, అట్టలు వెలిసిపోతాయి.

తాళం వేసే గాజు తలుపుల బీరువాలు అడుగుతారేమో. అరుదైన పుస్తకాలకు ఒకటి చాలు. పిల్లలు తాళంచెవి అడిగి మరీ కథల పుస్తకం తీసుకోరు.

ఆర్డరు ఇచ్చేముందు ర్యాకుల కొలతలన్నీ చాక్‌పీసుతో గది నేల మీద గియ్యి. మధ్య దారి 90 సెంటీమీటర్లకు తగ్గితే చక్రాల కుర్చీ సాఫీగా పోదు, 120 ఉంటే పిల్లలు అక్కడే కూలబడి చదువుకున్నా ఇబ్బంది ఉండదు. తలుపూ కిటికీలూ పూర్తిగా తెరిచి చూడు, స్విచ్‌బోర్డు ర్యాకు వెనక్కి పోతోందేమో కూడా చూసుకో. గీశాక ఫోటో తీసి పంపు, ఆర్డరు ఆ తర్వాత ఇద్దువుగాని.

ఇట్లు,
మీ పాత లైబ్రేరియన్ మాస్టారు