టెక్ సందేహాలు: 700 ఎంబీ ఎక్స్‌ఎంఎల్‌ని ఎలా మింగించాలి?

ప్రశ్న: అమీర్‌పేటలో చిన్న ఆఫీసు మాది. ఆర్డర్లు ఎక్స్‌ఎంఎల్ (ట్యాగుల మధ్య డేటా రాసే పద్ధతి) ఫైళ్లుగా వస్తాయి. మా జావా ప్రోగ్రామ్ వాటిని సరిచూసి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో (ఎక్స్‌ఎంఎల్‌ని వేరే రూపంలోకి మార్చే భాష) మార్చి, డేటాబేస్‌లో వేస్తుంది. రోజూ వచ్చేవి 3 ఎంబీ లోపే. నెలాఖరున మాత్రం 700 ఎంబీ ఫైలు వచ్చి, మెమరీ చాలక ప్రోగ్రామ్ పడిపోతోంది. మొత్తం శాక్స్‌లో (ఫైలును కొద్దికొద్దిగా చదివి అందించే పద్ధతి) తిరగరాద్దామని మా లీడ్ అంటున్నారు. రాయాలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొత్తం వద్దు. మీ ప్రోగ్రామ్ డామ్ పద్ధతి వాడుతూ ఉండొచ్చు, అంటే ఫైలంతా చదివి మెమరీలో ఒక చెట్టులా కడుతుంది. అందులో ప్రతి ట్యాగుకూ ఒక ఆబ్జెక్టు పుడుతుంది కాబట్టి, ఫైలు సైజుకు కొన్ని రెట్లు ర్యామ్ పోతుంది. మీ మూడు దశలూ విడివిడిగా చెట్టు కట్టుకుంటున్నాయేమో ముందు చూడండి. సర్వర్లో ర్యామ్ ఖాళీగా ఉండి, ఫైలు ఇంతకు మించి పెరగదనుకుంటే హీప్ సైజు (జావా ప్రోగ్రామ్‌కు ఇచ్చే మెమరీ) పెంచి ఊరుకోండి. నామోషీ ఏం లేదు.

శాక్స్ 1998 నుంచీ ఉంది. దానికి మెమరీ పెద్దగా అక్కర్లేదు, మనకే ఓపిక కావాలి. ఉదాహరణకు చిరునామాలోని ‘కూకట్‌పల్లి’ ఒకసారి ‘కూకట్’, మరోసారి ‘పల్లి’ అని రెండు ముక్కలుగా అందొచ్చు. పార్సర్ (ఫైలు చదివే భాగం) బఫర్, అంటే చదివింది కాసేపు ఉంచుకునే చోటు, సరిగ్గా అక్కడే నిండితే అంతే. ముగింపు ట్యాగు వచ్చేదాకా ముక్కలన్నీ కూడబెట్టుకోవాల్సింది మీరే. చిన్న ఫైళ్లతో టెస్ట్ చేస్తే ఈ తప్పు దొరకదు. నెలాఖరు రాత్రి దొరుకుతుంది!

నేనైతే స్టాక్స్ వాడతాను. ఇదీ ఫైలును కొద్దికొద్దిగానే చదువుతుంది, కానీ తర్వాతి ముక్కను మనమే అడిగి తీసుకుంటాం. జావా 6 నుంచీ జావాతోనే వస్తోంది. ఫైలును వరుసగా చదువుకుంటూ వెళ్లి, ఒక్కో ఆర్డర్ దగ్గర ఆగి, దానికి మాత్రమే చిన్న చెట్టు కట్టి మీ పాత ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి ఇవ్వండి. పని కాగానే వదిలేయండి. స్టైల్‌షీట్‌లో (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ నియమాలు రాసిన ఫైలు) చేయాల్సిన మార్పులు కొద్దిగానే ఉంటాయి. అయితే ఒక ఆర్డర్‌కు ఇంకోదానితో పని ఉండకూడదు. అన్నిటినీ తేదీల వారీగా పేర్చడమో, మొత్తం సొమ్ము లెక్కగట్టి పైన రాయడమో ఉంటే ఆ ఒక్క దశకు బఫర్ తప్పదు.

చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. ఇప్పుడు ఫైలు చివర్లో ఒక ట్యాగు తప్పున్నా, మొత్తం చదివాకే ముందుకెళ్తుంది కాబట్టి డేటాబేస్‌లోకి ఏమీ పోదు. ముక్కలుగా చదివితే ఆ తప్పు బయటపడేసరికే వేల ఆర్డర్లు ఎక్కేసి ఉంటాయి. అందుకని ముందు తాత్కాలిక టేబుల్‌లో వేసి, ఆఖరి ట్యాగు చూశాకే అసలు టేబుల్‌లోకి మార్చండి.