బాణం కంటె ముందు లెక్క

నల్లగొండ

బిడ్డా,

నిన్న నువ్వు వాట్సాప్‌ల పంపిన పేజీ చూసిన. కార్బొనేట్ అయాన్‌కు (ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు, రెండు మైనస్‌లు) మూడు రెజొనెన్స్ బొమ్మలూ, అంటే ఒకే అయాన్‌ల ఎలక్ట్రాన్లను వేర్వేరు చోట్ల పెట్టి గీసే బొమ్మలు, ముత్యాల లెక్క గీసినవు. కూసొని ఎలక్ట్రాన్లు లెక్కపెట్టిన. మొదటిదాంట్ల 24 ఉన్నయి, రెండోదాంట్ల 22. ఎడమ దిక్కు ఆక్సిజన్ మీద ఒక లోన్ పెయిర్ (బంధంల లేని ఎలక్ట్రాన్ జంట) పెట్టుడు మరిచినవు.

అందుకే ఎలక్ట్రాన్లు ఎటు జరిగినయో చూపే బాణాల జోలికి తర్వాత పో. ముందు బయటి కక్ష్యల ఎలక్ట్రాన్లు లెక్కపెట్టు: కార్బన్‌వి 4, మూడు ఆక్సిజన్లవి 18, రెండు మైనస్‌లకు ఇంకో 2. మొత్తం 24. ఈ అంకె పేజీ మూలకు రాసి సున్న చుట్టు. బొమ్మ అయినప్పుడల్లా చుక్కకు ఒకటి, గీతకు రెండు చొప్పున లెక్కపెట్టు. 24 రాకుంటే ఆ బొమ్మ కొట్టెయ్యి.

పరమాణువులు ఎక్కడియక్కడనే ఉండాలె. కదిలేటియి లోన్ పెయిర్లు, డబుల్ బాండ్ల రెండో గీత, అంతే. హైడ్రోజన్‌ను ఒక చోట తీసి ఇంకో చోట పెట్టినవంటే అది వేరే పదార్థమైతది. బాణం ఎలక్ట్రాన్ జంట దగ్గర మొదలైతది, మైనస్ గుర్తు దగ్గర కాదు. ఒక ఆక్సిజన్ తన లోన్ పెయిర్‌ను కార్బన్ దిక్కు దించితే, అప్పటికే ఉన్న డబుల్ బాండ్ రెండో గీత తన ఆక్సిజన్ మీదికి ఎక్కాలె. రెండు బాణాలూ ఒక్కసారే వెయ్యి. లేకుంటే కార్బన్‌కు ఐదు గీతలొస్తయి, అది ఎన్నటికీ కాదు.

బొమ్మల నడుమ రెండు మొనల ఒక్క బాణమే పెట్టు. డిగ్రీల నేను సమతాస్థితి బాణాలు (ఎదురెదురు దిక్కులకు పోయే రెండు బాణాలు) పెట్టి మార్కులు పోగొట్టుకున్న. అయాన్ ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు దుంకుతలేదు బిడ్డా, ఇది మనసుల గట్టిగ పెట్టుకో. మన వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయిల ఉన్నది ఈ కార్బొనేటే. దాంట్ల మూడు బంధాలూ ఒక్క పొడవే, సుమారు 1.29 ఆంగ్‌స్ట్రాములు. ఒంటి బంధమైతే 1.43 దగ్గర, జంట బంధమైతే 1.2 దగ్గర ఉండాలె. ఇది రెంటికీ నడుమ. ఒక్కో ఆక్సిజన్ మీద మైనస్ మూడింట రెండు వంతులు.

సయనేట్ (నైట్రోజన్, కార్బన్, ఆక్సిజన్ ఒక్కొక్కటి ఉన్న అయాన్) అసొంటి వాటికి బొమ్మలన్నీ సమానం కావు. ఫార్మల్ ఛార్జీలు (బొమ్మల ఒక్కో పరమాణువుకు లెక్కకట్టే ప్లస్, మైనస్‌లు) తక్కువున్నదాన్ని, మైనస్ ఆక్సిజన్ మీద పడ్డదాన్ని ముందు పెట్టు.

రేపు నైట్రేట్ గీసి పంపు. దానికీ 24 ఎలక్ట్రాన్లే. నైట్రోజన్ మీద ప్లస్ మరువకు.

నీ పెద్దనాయిన